ఎనిమిది బకెట్ల మీద నావ

దిబ్బలపేట దానయ్య చేసిన నేరం ఒక్కటే. పనికొచ్చే వస్తువు చెత్తలో పడి ఉంటే చూస్తూ ఊరుకోలేకపోయాడు. ఆ రోజు తల తిప్పుకుని వెళ్లిపోయి ఉంటే ఉమాకాంతం గారి భుజాన శాలువా ఉండేది కాదు, సముద్రపొడ్డున ఇసుక కుప్పకి కాపలా మనిషీ ఉండేవాడు కాదు.

బడికి రంగులు వేసి పోయినవాళ్లు గోడ వెనక నాలుగు పెద్ద ప్లాస్టిక్ బకెట్లు పారేసి పోయారు. దానయ్య వాటిని తెచ్చి కడిగాడు. ఒడ్డు మీద ఇసుకకేం కరువు? అంచులదాకా కూరి, ఒక్కో బకెట్టులో ఒక్కో సరుగుడు గుంజ పాతాడు. గుంజకీ గుంజకీ అడ్డకర్ర కట్టి, దాని మీద పాత వల పేలికలు మెత్తగా చుట్టి, నలుగురి సాయంతో తన నావని ఎత్తి పైన పెట్టాడు. మోకాళ్లెత్తున నావ దర్జాగా కూర్చుంది. అయిన ఖర్చు ఒక బీడీకట్ట. అది కూడా సాయం పట్టినవాళ్లు కాల్చారు.

దిబ్బలపేటలో నలభై పడవలున్నాయి. ముప్ఫైతొమ్మిది ఫైబరువి. ఒక్కటే కర్ర నావ, దానయ్య తన చేత్తో కట్టుకున్నది. కర్ర నావతో వచ్చిన తంటా ఏమిటంటే, వేట నిషేధం ఉన్న ఆ రెండు నెలలూ తడి ఇసుక మీద పడుకోబెడితే అడుగు నుంచి చెద పడుతుంది. పోనీ అని ఎత్తు మీద ఎండలో ఉంచితే పలకలు ఎండి, కుంచించుకుపోయి, సందులు నోళ్లు తెరుస్తాయి. చెద సంగతి బకెట్లు చూసుకున్నాయి. ఎండ సంగతి దానయ్య పెళ్లాం కాసులమ్మ చూసుకునేది. రోజూ సాయంత్రం పొయ్యి వెలిగించే ముందు ఆరు బిందెల సముద్రపు నీళ్లు మోసుకొచ్చి నావకి తలంటు పోసినట్టు పోసేది.

"ఈ నావకి పోసినన్ని నీళ్లు నాకెప్పుడేనా తోడి పెట్టినావేటే?" అని దానయ్య ఏడిపించేవాడు.

"నువ్వు ఎండితే నోరు తెరుస్తావని భయమేటి నాకు? తెరిసిన నోరే ఇంతున్నాది," అనేది కాసులమ్మ.

ఇంతవరకూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. పడవల లెక్క రాసుకోవడానికి వచ్చిన ఫీల్డు అసిస్టెంటు జోగినాయుడు ఆ స్టాండుని చూసి, ముచ్చటపడి, ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాడు. జోగినాయుడు మంచివాడే. చెడ్డవాళ్లు ఇంత నష్టం చేయలేరు.

ఆ ఫోటో చిన్నపడవల సంరక్షణ సంస్థ డిప్యూటీ డైరెక్టరు ఉమాకాంతం గారి కంట పడింది. ఆయన రెండేళ్లుగా ఒక నవకల్పన కోసం వెతుకుతున్నారు. పక్క జిల్లా డిప్యూటీ డైరెక్టరు కొబ్బరి పీచుతో ఏదో చేసి రాజధానిలో సన్మానం చేయించుకొచ్చిన దగ్గర్నుంచి ఈయనకి అన్నం సయించడం లేదు. మూడో రోజుకల్లా దిబ్బలపేట ఇసుకలో జీపు దిగబడింది. ఊరంతా కలిసి తోసి బయటపడేశారు.

ఉమాకాంతం గారు స్టాండు చుట్టూ మూడుసార్లు తిరిగారు. వంగి చూశారు. బకెట్టు మీద వేలితో కొట్టి, ఆ చప్పుడు విని తలాడించారు.

"దానయ్యా, దీన్ని నువ్వేమంటావు?"

"స్టాండంటాం బాబూ."

"తప్పు. ఇది ఉన్నత నౌకాధారం. నువ్వు తెలియక చేశావు, మేము తెలిసి చేస్తాం. అంతే తేడా." తర్వాత నావ వైపు చూసి, వివరాల కోసం డైరీ తెరిచారు. "ఇది వేటకి వెళితే మళ్లీ ఎప్పుడొస్తుంది?"

కాసులమ్మ చేతిలో బిందె ఠక్కున కింద పెట్టేసింది. "ఓలమ్మో! ఆ మాట అడక్కూడదు బాబూ!"

దిబ్బలపేటలో ఆ మాట ఎవరూ అడగరు. సముద్రం మీదికి పోయిన మనిషి ఎప్పుడొస్తాడని అడిగితే సముద్రం వింటుందని వాళ్ల భయం. పసిపిల్లలకి కూడా నోటి మీద ఒకటేసి నేర్పుతారు. కాసులమ్మ అత్తగారు ముప్ఫై ఏళ్లు ఆ మాట అడక్కుండానే వేళకి అన్నం వార్చింది. జోగినాయుడు గొంతు తగ్గించి ఇదంతా చెప్పాడు. ఉమాకాంతం గారు డైరీలో 'రాకపోకల సమాచారం అలభ్యం' అని రాసుకున్నారు.

నెల తిరక్కుండానే పథకం దిగింది. తక్కువ ఖర్చు పథకం కాబట్టి ఖర్చు నిజంగా తక్కువేనా అని తేల్చడానికి పదకొండు మందితో కమిటీ వేశారు. కమిటీ మూడు రాష్ట్రాల బీచీలు చూసొచ్చి, దానయ్య స్టాండులో నాలుగు లోపాలు పట్టుకుంది. మొదటిది, బకెట్లు చెత్తలో దొరికినవి. పారేసిన వస్తువు ప్రభుత్వ ఆస్తి కాజాలదు. రెండోది, నాలుగింటి మీద రంగుల కంపెనీ పేరుంది కానీ సంస్థ పేరు లేదు. మూడోది, నాలుగు బకెట్లు మరీ తక్కువ, ఎనిమిదైతే నిండుగా ఉంటుంది. నాలుగోది ఇసుక.

కొత్త బకెట్లు లారీలో వచ్చాయి. ఆమోదించిన జాబితాలో స్నానాల గదుల బకెట్లే ఉన్నాయట. నీలం రంగు, తెల్ల మూత. సెట్టుగా సరఫరా అయ్యేవి కనక బకెట్టుకో మగ్గు కూడా వచ్చింది. వచ్చిన మగ్గుని ఏంచేయాలో ఎవరికీ తోచలేదు. తిప్పి పంపితే ఎందుకు కొన్నారంటారు, ఉంచుకుంటే ఎక్కడ వాడారంటారు. చివరికి ప్రతి స్టాండుకీ వరసగా ఎనిమిది మగ్గులు వేలాడదీయాలని ఆర్డరు వేశారు. గాలి తగిలితే ఒడ్డంతా టకటకలాడేది.

ఇసుక దగ్గర దానయ్యకి మతిపోయింది.

"బకెట్టులో ఇసకెయ్యకపోతే ఎలగ బాబూ? గుంజ దేంట్లో నిలబడతాది?"

"తీరం ఇసుక తియ్యడం నేరం. అది వేరే శాఖ. అనుమతికి రాశాం. నది ఇసుక వస్తుంది."

"మనం నిలబడ్డది ఇసక మీదే గద బాబూ!"

"నిలబడటానికి అభ్యంతరం లేదు. బకెట్టులో పోస్తే తవ్వకం అవుతుంది," అన్నారు ఉమాకాంతం గారు ఓపిగ్గా. చదువులేనివాడికి విడమరచి చెప్పడం ఆయనకి ఇష్టం.

ఇసుక లేదు కనక గుంజలు లేవు. ఖాళీ బకెట్లకి మూతలు బిగించి, వాటి మీదే అడ్డకర్రలు పెట్టి, బకెట్టు చెవులకి తాళ్లతో కట్టారు. రిజిస్టరులో 'బకెట్లలో నింపిన పదార్థం' అన్న గడిలో 'లేదు' అని రాశారు. దానయ్య పాత స్టాండు అనధికార కట్టడం కింద ఊడదీయించారు. ఇసుకతో ఉన్న ఆ నాలుగు రంగు బకెట్లని కాసులమ్మ ఇంటి ముందుకి దొర్లించుకుపోయి కూర్చోవడానికి పెట్టుకుంది.

ప్రారంభోత్సవం బాగా జరిగింది. జనగణమన అయిన పావుగంటకి సముద్రం గాలి లేచింది. మూడు వందల ఇరవై ఖాళీ బకెట్లు, అడ్డకర్రలతో, మగ్గులతో సహా, ఒడ్డు వెంట ఉత్తరం వైపు పరుగు లంకించుకున్నాయి. ఆడవాళ్లు చీరలు ఎగ్గట్టి వెంటపడ్డారు. పక్క ఊరివాళ్లు ఇదేదో తిరనాళ్ల పందెం అనుకుని ఈలలు వేశారు. ఉమాకాంతం గారు మాత్రం కంగారు పడలేదు. అన్నీ పట్టుకొచ్చాక ఊరివాళ్లని కూర్చోబెట్టి పరిష్కారం చెప్పారు.

"బరువు లేక కదా ఎగిరాయి? పడవలు పైన పెట్టండి. పడవ ఉన్నంతసేపూ ఆధారం కదలదు."

"పడవని కాపాడ్డానికి గద బాబూ స్టాండు?" అన్నాడు దానయ్య.

"ఔను. కాపాడే వస్తువుని ముందు కాపాడుకోవద్దూ?"

నలభై పడవలూ స్టాండ్లెక్కాయి. అడ్డకర్రకీ పడవకీ కలిపి తాడు బిగించి, ముడి మీద సీలు వేశారు. రూలు అచ్చువేసి బడి గోడకి అంటించారు. ఇసుక అనుమతి వచ్చేవరకు పడవను ఆధారం నుంచి వేరు చేయరాదు. దాని కిందే ఇంకో ముక్క ఉంది. బకెట్ల మీది స్టిక్కర్లు ఊడిపోతున్నందున పడవలపై నీళ్లు పోయరాదు. ఆ స్టిక్కర్ల మీద ఉమాకాంతం గారి ఫోటో ఉంది మరి.

కాసులమ్మకి కడుపు మండిపోయింది. "ఆయన మొకం తడిస్తే ఏటవుతాది? నావ ఎండితే సస్తాది గదా!"

జూన్ నడిమికి వేట నిషేధం అయిపోయింది. తీరమంతా పడవలు దిగాయి. పొరుగూళ్లవాళ్లు నిండు వలలతో వస్తుంటే దిబ్బలపేట మగవాళ్లు ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడ్డారు. మొదటి రెండు వారాలే చేప ఒడ్డుకి దగ్గరగా తిరిగేది. అందరికీ తిండి బాధే, కానీ దానయ్యది దానికి మించిన బాధ. ఫైబరు పడవ నెలరోజులు ఎండలో కూర్చున్నా దానికేం కాదు. కర్ర నావ అలా కాదు. మొదటి వారం పలకల సందులో దానయ్య గోరు దూరింది. రెండో వారం బీడీ దూరింది. సందుల్లో కూరిన గుగ్గిలం పెచ్చులుగా రాలుతోంది. ఇంకో పది రోజులు పోతే నావ విప్పి పొయ్యిలో పెట్టుకోవలసిందే. ఈ వయసులో ఇంకో నావ కట్టే ఓపిక దానయ్యకి లేదు. నావ పోతే ఇంకొకడి పడవ మీద కూలికి పోవాలి. ముప్ఫై ఏళ్లు తన చుక్కాని తాను పట్టినవాడికి అది చావుతో సమానం.

కాసులమ్మ ఊరుకోలేదు. స్టాండుకి వేలాడే మగ్గు ఒకటి తీసి, ఎవరూ చూడనప్పుడు కాసిని కాసిని నీళ్లు చిలకరించేది. ఆ పథకంలో ఎవరికైనా పనికొచ్చిన వస్తువు ఆ మగ్గే. జోగినాయుడు ఒకసారి చూశాడు. చూసి, అటు తిరిగి ఆకాశంలో కొంగల్ని లెక్కపెట్టాడు.

దానయ్య ఆఫీసుకి వెళ్లి చేతులు జోడించాడు. "వేట నిషేధం అయిపోనాది గద బాబూ. ఒగ్గీయండి. నావ సచ్చిపోతున్నాది."

"వేట నిషేధం ముగిసిందయ్యా. ఆధారం ఖాళీ నిషేధం నడుస్తోంది. రాజధాని నుంచి తనిఖీ బృందం ఏ రోజైనా రావచ్చు. వాళ్లు వచ్చేసరికి నలభైకి నలభై ఆధారాలు, నలభైకి నలభై పడవలు ఉండాలి. అందులో నీది ఆదర్శ పడవ. దాన్ని చూసే కదా ఇదంతా పుట్టింది? నువ్వు గర్వపడాలి."

"గర్వం తిని బతకలేం బాబూ."

"ఆలోచిద్దాం," అన్నారు ఉమాకాంతం గారు. పక్కనే ఉన్న గంట నొక్కారు. దానయ్య బయటికొచ్చేశాడు.

తిరిగొచ్చి బడి గోడ దగ్గర కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు కూడా. జోగినాయుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆ ఫోటో తీసిన చెయ్యి విరగ్గొట్టుకోవాలని ఉంది అన్నాడు.

"నీ సెయ్యి ఇరిగితే నా నావ బతుకుతాదేటి? ఆ కాగితం ఓసారి సదువు."

జోగినాయుడు చదివాడు. దానయ్య మళ్లీ చదవమన్నాడు. మూడోసారి కూడా చదివించుకున్నాడు.

"పడవని స్టాండు నుంచి యేరు సెయ్యకూడదు. అంతే గదా?"

"అంతే."

"స్టాండు ఎక్కడుండాలో ఉన్నాదా?"

జోగినాయుడు కళ్లజోడు సర్దుకుని కింది గీతలదాకా వెతికాడు. "'సంస్థ పరిధిలో' అనుంది."

"సముద్రం మీ పరిధిలో ఉన్నాదా, నేదా?"

జోగినాయుడు ఆఫీసు గోడ మీది మ్యాపుని గుర్తు చేసుకున్నాడు. అందులో ముప్పాతిక వంతు నీలం రంగే. "ఉంది మావా," అన్నాడు. అంతవరకూ దానయ్యని అతను ఎప్పుడూ మావా అనలేదు.

మర్నాడు తెల్లారేసరికి ఊరు ఊరంతా ఒడ్డున ఉంది. సీలు ఒక్కటి తెగలేదు. ముడి విప్పకుండానే తాళ్లు కాస్త వదులు చేసి, అడ్డకర్రల్ని పడవ అంచుల పైకి ఎక్కించి, అటు నాలుగు, ఇటు నాలుగు బకెట్లు నీళ్ల మీద తేలేలా సర్దారు. లోపల ఏమీ లేని బకెట్లు, మూతలు గట్టివి. భేషుగ్గా తేలాయి. ముప్ఫైతొమ్మిది పడవలు స్టాండ్లతో సహా అలలు దాటాయి. చివరిగా దానయ్య నావ దిగింది. తోడు కాసులమ్మ తమ్ముడు బండియ్య.

దిగీ దిగగానే నావలోకి అన్ని సందుల్లోంచీ నీళ్లు చిమ్మాయి. చూస్తుండగానే పిక్కలదాకా వచ్చేశాయి. ఒడ్డున కాసులమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. బండియ్య రెండు చేతుల్లో రెండు ప్రభుత్వ మగ్గులు పట్టుకుని తోడుతూనే ఉన్నాడు. నావ అంచులదాకా కుంగింది కానీ మునగలేదు. ఎనిమిది నీలం బకెట్లు రెండు పక్కలా పట్టుకుని వదల్లేదు. పొద్దెక్కేకొద్దీ పలకలు నీళ్లు తాగాయి, ఉబ్బాయి, ఒక్కొక్క సందే మూసుకుంది. మధ్యాహ్నానికి బండియ్య మగ్గు పక్కన పెట్టి బీడీ ముట్టించాడు. దానయ్య వంగి పలక మీద చెంప ఆనించాడు.

సరిగ్గా ఆ రోజే తనిఖీ బృందం దిగింది. కబురు తెలిసి ఉమాకాంతం గారు పూలదండలతో పరిగెత్తుకొచ్చారు. ఒడ్డు మీద పడవ లేదు, స్టాండు లేదు, తన ఫోటో ఒక్కటి లేదు. ఇసుక, ఎండ్రకాయలు, రంగు బకెట్టు మీద కూర్చున్న కాసులమ్మ.

"ఆధారాలేవండీ?" అంది బృందం పెద్దావిడ.

ఉమాకాంతం గారు పూలదండలు వెనక్కి దాచుకున్నారు. జోగినాయుడు ముందుకొచ్చి ఫోనులో యాప్ తెరిచి చూపించాడు. పథకంలో ప్రతి స్టాండుకీ ఒక జాడ యంత్రం తగిలించారు, యాప్‌లో దానికో ఆనవాలు చుక్క ఉంటుంది. నలభై చుక్కలూ నీలం రంగు మధ్యలో మెల్లగా తూర్పుకి పోతున్నాయి.

"అన్నీ పనిమీద ఉన్నాయి మేడమ్. పడవలతో సహా. ఒక్కటి కూడా ఖాళీ లేదు."

"కదిలే ఆధారాలా!" అంది పెద్దావిడ. ఆవిడ ముప్ఫై ఏళ్ల సర్వీసులో కదిలే పథకం చూడటం అదే మొదటిసారి. కాసులమ్మ వైపు తిరిగింది. "ఎప్పుడొస్తారమ్మా వీళ్లు?"

"ఆ మాట అడక్కూడదు తల్లీ. కూకోండి," అంటూ కాసులమ్మ మిగిలిన మూడు బకెట్లూ చూపించింది. గాలికి కాగితాలన్నీ ఎగురుతున్నాయి కానీ ఆ ఇసుక బకెట్లు మాత్రం కదల్లేదు. బృందం వాటి మీదే కూర్చుని సాయంత్రం దాకా కొబ్బరి బొండాలు తాగింది.

పడవలు వచ్చాయి. దిబ్బలపేటవాళ్లకి చేపలు వేసుకోవడానికి బుట్టలు చాల్లేదు. చేతికి అందినవి బకెట్లు కనక వాటి మూతలు తీసి నింపేశారు. పెద్దావిడ రిజిస్టరు తెప్పించుకుని, 'నింపిన పదార్థం' గడిలో 'లేదు' కొట్టేసి, 'చేపలు' అని స్వహస్తంతో రాసి సంతకం చేసింది. పడవలు నూటికి నూరు శాతం, వినియోగం నూటికి నూరు శాతం. నెలలో ఉమాకాంతం గారికి శాలువా కప్పారు. 'సంచార నౌకాధారం నా చిన్ననాటి కల' అని ఆయన ప్రసంగించారు.

ఆ హడావిడి సద్దుమణిగాక అసలు సంగతి ఊడిపడింది. ఇసుక అనుమతి వచ్చింది. నాలుగు లారీల నది ఇసుక తెచ్చి సముద్రపొడ్డున ఇసుక మీద పోశారు. ప్రభుత్వ ఇసుక మామూలు ఇసుకలో కలిసిపోకుండా చుట్టూ తాడు కట్టి, జోగినాయుడిని కాపలా పెట్టారు. గాలి వీచినప్పుడల్లా అతను చీపురుతో సరిహద్దు సరిచేసేవాడు. బకెట్లన్నీ చేపల వాసనేస్తూ ఇళ్లలో ఉన్నాయి. ఏ ఒక్కటీ ఇసుకకి దొరకలేదు.

దానయ్య మాత్రం తన నాలుగు రంగు బకెట్లూ ఒడ్డుకి దొర్లించుకుపోయి, గుంజలు పాతి, పాత స్టాండు మళ్లీ కట్టుకున్నాడు. ఇప్పుడు ఇసుకకి అనుమతి ఉంది కనక ఎవరూ కాదనలేదు. జోగినాయుడు రిజిస్టరులో 'ఆధారం ఒకటి, ఇసుక నిండి ఉంది, నిబంధనల ప్రకారం ఉంది' అని రాశాడు.

ఒకరోజు పొద్దున్నే ఉమాకాంతం గారు ఫోను చేశారు. ఇప్పుడాయన జాయింట్ డైరెక్టరు.

"జోగినాయుడూ, ఆదర్శ ఆధారం ఎలా ఉంది?"

"గట్టిగా ఉందండి."

"పడవ ఉందా దాని మీద?"

జోగినాయుడు స్టాండు వైపు చూశాడు. అడ్డకర్రల మీద వల పేలికలు తడి ఆరుతున్నాయి. అవతల కాసులమ్మ ఖాళీ బిందె పక్కన పెట్టుకుని కూర్చుని, నీళ్ల వైపు చూడకుండా చింతపండు పిసుకుతోంది.

"లేదండి. వేటకి పోయింది."

"ఖాళీగా ఉందన్నమాట! ఎప్పుడొస్తుంది?"

జోగినాయుడు ఫోను చెవికి దూరంగా పెట్టి, చప్పున సముద్రం వైపు చూశాడు.

"సార్, ఆ మాట అడక్కూడదండి," అని ఫోను పెట్టేశాడు.